ఎనిమిదో గుంజ

మా ఊరు క్వాలా బెరెంబాంగ్ దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట, బురద మధ్యలో ఏడు గుంజలు ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. అవీ గుల్లలు పట్టి ఒరిగిపోయాయి. అయినా అటువైపు ఎవరూ వల వెయ్యరు. పొద్దు వాలాక పడవ ఆ పక్కనుంచి రావాల్సివస్తే మాటలు ఆపేస్తారు. పట్నం నుంచి కొత్తగా వచ్చినవాడెవడైనా వేలు చూపించి ఒకటి, రెండు అంటూ మొదలుపెడితే చాలు — పక్కనున్నవాళ్లు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేస్తారు.

అక్కడి కథ మా ఊళ్లో పదిమంది పదిరకాలుగా చెప్తారు. నేను చెప్పేది మా నాయనమ్మ లిజా చెప్పింది. అది జరిగిన సాయంత్రం ఆవిడ బురద మీదే ఉంది. పోయే ముందు సంవత్సరం, వంటింటి గుమ్మంలో కూర్చుని రొయ్యలు వలుస్తూ చెప్పింది... గొంతు పెంచకుండా, మధ్యమధ్య ఆగుతూ.

జపానువాళ్ల కాలం. వాళ్లొచ్చి మూడేళ్లు దాటింది. బియ్యం కనపడ్డం మానేసింది. కర్రపెండలం తిని తిని పిల్లల పొట్టలు ఉబ్బాయి. మా తీరానికంతటికీ ఒక మిలటరీ గవర్నరు ఉండేవాడు, కురొయివా అని. కాపురం పట్నంలో. కానీ నెలకోసారి, పెద్ద పోటు రోజుల్లో మా ఊరొచ్చి, ఏటి ఒడ్డున ఇంగ్లీషువాళ్లు కట్టిన బంగళాలో నాలుగు రోజులు దిగేవాడు. సముద్రం చూడ్డం ఇష్టమట.

సన్నగా, కళ్లద్దాలతో, బడి పంతులులా ఉండేవాడు. ఎవరి మీదా గొంతు పెంచింది లేదు. ఉరి వెయ్యమని చెప్పినా టీ తెమ్మన్నట్టే చెప్పేవాడు. ఆయన అన్నది పక్కన నిలబడి యూనుస్ మా భాషలో చెప్పేవాడు. యూనుస్ అంతకుముందు పోస్టాఫీసు గుమస్తా. జపాను భాష తొందరగా పట్టుబడిందని దుబాసీని చేశారు. మా ఆడవాళ్లు అతనికి ‘నాలుక’ అని పేరు పెట్టారు. ‘నాలుక వస్తోంది, మూతులు ముయ్యండే’ అని అతనికి వినపడేట్టే అనేవాళ్లు. అతను తలొంచుకుని పోయేవాడు.

అడవిలో దాక్కుని జపానువాళ్లతో పోరాడేవాళ్లకి మా ఊరి పడవలో మందులూ ఉప్పూ చేరుతున్నాయని కురొయివాకి ఎవరో చెప్పారు. చేరుతున్న మాట నిజమే. కానీ ఎవరి పడవో పట్టుకోలేకపోయారు. కురొయివా ఊరి మగవాళ్లందర్నీ బంగళా ముందు నిలబెట్టించాడు. వరస వెంట నెమ్మదిగా నడుస్తూ ఏడుగుర్ని వేలితో చూపించాడు. ఎందుకు ఏడుగురో ఎవరికీ తెలీలేదు. బురదలో చేపలు పట్టే పాత మాటు తాలూకు గుంజలు ఏడున్నాయి... అంతే అయ్యుంటుంది అంది నాయనమ్మ.

ఆ ఏడుగురిలో ఒకరు మా తాత. పెళ్లయి ఎనిమిది నెలలు. మా నాన్న అప్పటికి కడుపులో ఉన్నాడు. ఇంకొకడు జమ్హారి. రుబియా అనే విధవరాలి ఒక్కగానొక్క కొడుకు, ఇరవై రెండేళ్లవాడు.

ఆటు వేళ, నీళ్లు దూరంగా వెళ్లిపోయి ఉండగా, వాళ్లని నడిపించుకెళ్లి గుంజలకి కట్టారు.

తర్వాత... పోటు వచ్చింది.

మా దగ్గర పోటు పరిగెత్తుకొస్తుంది. మోకాలు... నడుము... ఛాతీ. ఆడవాళ్లని ఒడ్డునే తుపాకులు అడ్డం పెట్టి ఆపేశారు. వాళ్లు పేర్లు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. అవతలనుంచి జవాబులు వస్తూనే ఉన్నాయి — ఒక్కొక్కటే తగ్గుతూ. కురొయివా వరండాలో కుర్చీ వేసుకుని చూశాడు. చివరి గొంతు ఆగాక, లేచి లోపలికి వెళ్లాడు.

తెల్లారి నీళ్లు తీసేసరికి గుంజలకి తాళ్లే ఉన్నాయి. శవాలు లేవు. సైనికులు రాత్రే పడవ వేసుకెళ్లి తీసేశారు. ఆడవాళ్లు మూడు రోజులు బంగళా ముందు కూర్చున్నారు. స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, నమాజు చదివి మట్టిలో పెట్టుకుంటాం, ఇప్పించండి అని. మూడో రోజు కురొయివా బయటికొచ్చి ఏదో అన్నాడు. రెండోసారి అడిగితే యూనుస్ చెప్పాడు.

“సముద్రం తీసుకున్నదాన్ని... సముద్రాన్నే అడగమంటున్నారు.”

రుబియా ఆ రోజుతో ఏడుపు ఆపేసింది.

రుబియా ఎముక బలం ఉన్న మనిషి. నోరు కూడా అంతే. బురదలో గుల్లలు ఏరడంలో ఊళ్లో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ బురదలో ఉత్తకాలు పెడితే నడుం దాకా దిగిపోతుంది. అందుకని మా ఆడవాళ్లు పొడుగాటి పలక వాడతారు. ఒక మోకాలు పలక మీద ఆనించి, రెండో కాలితో బురదని వెనక్కి తన్నుకుంటూ పోతారు. అలవాటైన మనిషి పోతుంటే దూరంనుంచి కాళ్లే కనపడవు. మనిషి తనంతట తానే జారిపోతున్నట్టు ఉంటుంది.

నాయనమ్మా, ఇంకో ముగ్గురు ఆడవాళ్లూ రుబియా ఇంట్లో కలిశారు. అందరూ ఆ గుంజల దగ్గర మనిషిని పోగొట్టుకున్నవాళ్లే. రుబియా ఒక్కటే మాట చెప్పిందట.

“వాడు మళ్లీ వస్తాడు. వచ్చినప్పుడు వాడికి నిద్ర పట్టకూడదు. అంతకంటే నాకేం అక్కర్లేదు.”

నెల తిరిగింది. కురొయివా వచ్చాడు.

మొదటి సాయంత్రం వరండాలో కూర్చుని దుర్భిణిలోంచి బురద వైపు చూస్తున్నాడు. ఎర్రటి వెలుతురు. నీళ్లు దూరంగా ఉన్నాయి. ఉన్నట్టుండి దుర్భిణి దించి యూనుస్‌ని పిలిచాడు. అక్కడ గుంజలెన్ని, చూసి చెప్పమన్నాడు.

యూనుస్ చూశాడు. ఇంకోసారి చూశాడు.

“ఎనిమిది” అన్నాడు.

కురొయివా పొద్దున్నే ఒక సైనికుణ్ణి పంపాడు. వాడు వచ్చి ఏడే ఉన్నాయన్నాడు.

రెండో సాయంత్రం మళ్లీ ఎనిమిది. ఆ చివరిది మిగతావాటి కంటే కాస్త లావు. నల్లగా, కదలకుండా... కురొయివా తుపాకీ తెప్పించుకుని, తనే గురి చూసి మూడుసార్లు కాల్చాడు. గుంజ ఉలకలేదు. బంగళా కాపలావాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అప్పటికే వాళ్లలో వాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. చచ్చినవాళ్లు లెక్క తప్పిస్తున్నారని.

“అది రుబియా” అంది నాయనమ్మ నాతో.

ఒళ్లంతా బురద పులుముకుని, పలక మీద నిలబడేది. చీకటి పడేదాకా ఊపిరి కూడా మెల్లిగా పీల్చుకునేది. రెండో రోజు మూడో గుండు ఆమె పిక్కలోంచి దూసుకుపోయింది. కదల్లేదు. కిందికి కారుతున్న రక్తం బురదలో ఇంకుతుంటే, పళ్లు బిగబట్టి పూర్తిగా చీకటయ్యేదాకా అలాగే నిలబడింది. మావాళ్లు వెళ్లి పట్టుకునేసరికి పట్టుకున్నవాళ్ల చేతుల్లోకి ఒరిగిపోయింది.

మూడో రోజుకి కాలు వాచి కుండలా అయింది. ఒళ్లు కాలిపోతోంది. ఏటికి అవతల ఊళ్లో ఒక మందులాయన ఉన్నాడు. రోడ్డు మీద వెళ్తే కాపలావాళ్లు ఆ గాయమేంటని అడుగుతారు. అందుకని సాయంత్రం ఆటు చూసుకుని, రుబియాని ఒక పలక మీద పడుకోబెట్టి, దానికి తాడు కట్టి లాక్కుంటూ మడ చెట్ల చాటునుంచి బయల్దేరారు. నాయనమ్మ ముందుంది. ఐదో నెల కడుపు.

కాలవ మలుపు దగ్గర ఆగారు. బంగళా వైపు లాంతరు కదులుతోంది.

బంగళా మెట్ల నుంచి బురదలోకి ఒక చెక్కల దారి ఉండేది, పడవ దిగడానికి. దాని మీద కురొయివా నడిచొస్తున్నాడు. వెనక లాంతరుతో యూనుస్. ఇంకెవరూ లేరు. కాపలావాళ్లని తను పిలిచేదాకా కదలొద్దని చెప్పి వచ్చాడట. వాళ్ల గుసగుసలు అతని చెవిన పడ్డాయి మరి. గవర్నరు భయపడ్డాడన్న మాట పట్నం చేరకూడదు.

ఎందుకొస్తున్నాడా అని నాయనమ్మ గుంజల వైపు తిరిగి చూసింది.

ఎనిమిది ఉన్నాయి.

“అత్తా,” అంది నాయనమ్మ గుసగుసగా, “నువ్వు ఇక్కడున్నావు కదా... అక్కడెవరు?”

రుబియా మోచేతి మీద లేచి చూసింది. చెయ్యి చాచి నాయనమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ జ్వరంలో కూడా ఆ చెయ్యి మంచుగడ్డలా ఉందట.

చెక్కల దారి చివర ఎవరిదో పలక ఒకటి ఆనించి ఉంది. కురొయివా బూట్లు విప్పి, రెండూ పక్కపక్కన సరిగ్గా సర్ది పెట్టాడు. పలక దింపాడు. మా ఆడవాళ్లు పోతుండగా వరండాలోంచి ఎన్నిసార్లు చూశాడో. మోకాలు ఆనించి, రెండో కాలితో తన్నాడు. కొంత దూరం బాగానే పోయాడు కూడా. సగం దారిలో పలక పక్కకి ఒరిగింది. మనిషి పడ్డాడు. పలక దానంతటదే జారుకుంటూ పోయింది.

లేవబోయాడు. తొడల దాకా దిగాడు. గింజుకున్నాడు. నడుం దాకా దిగాడు.

నాయనమ్మ మళ్లీ గుంజల వైపు చూస్తే... ఏడే ఉన్నాయి.

కురొయివా యూనుస్‌ని పిలిచాడు. యూనుస్ లాంతరు చెక్క మీద పెట్టాడు. దాని పక్కన కూర్చున్నాడు. కదల్లేదు. కురొయివా అప్పుడు మొట్టమొదటిసారి గొంతు పెంచి అరిచాడు. కానీ నేల గాలి సముద్రం వైపు కొడుతోంది. అరుపు బంగళా దాకా పోలేదు.

మావాళ్లు పలకలు తన్నుకుంటూ అతని చుట్టూ చేరారు. ఐదుగురు ఆడవాళ్లు. దూరంగా పోటు చప్పుడు మొదలైంది.

రుబియా పడుకునే మాట్లాడింది.

“యూనుస్, అడుగు. మావాళ్లని ఎక్కడ పెట్టాడో అడుగు.”

యూనుస్ అడిగాడు. కురొయివా మెల్లిగా ఏదో అన్నాడు. మళ్లీ పాత గొంతే.

“ముందు పైకి లాగమంటున్నారు.”

“ముందు చెప్పమను. చెప్తే లాగుతాం. అల్లా మీద ఒట్టు.”

నీళ్లు పల్చటి పొరలా వచ్చి పలకల కింద పారాయి. కురొయివా ఆ నీళ్ల వైపు చూశాడు. చెప్పాడు.

“పాత రంపం మిల్లు వెనకాల... సున్నం గుంటలో.”

“అందర్నీనా?”

“అందర్నీ అంటున్నారు, అక్కా.”

రుబియా కళ్లు మూసుకుంది. తర్వాత తన పలకకి కట్టిన తాడు విప్పమంది. ఎవరూ కదల్లేదు. నాయనమ్మ అందట, నేను లాగను అత్తా, చస్తే చావనీ అని. మిగతా ముగ్గురూ అదే మాట. ఒకామె కురొయివా మొహం మీద ఉమ్మింది కూడా.

“ఒట్టు పెట్టింది నేను,” అంది రుబియా. “నా కొడుకుని దొంగ ఒట్టుతో పాతిపెట్టమంటారా? లాగండే.”

ఆమె కళ్లు చూస్తే మాత్రం వేరే చెప్తున్నాయట. అతన్ని అక్కడే తినేసేట్టు ఉన్నాయి. అయినా లాగమంది.

తాడు విసిరారు. కురొయివా చంకల కిందనుంచి చుట్టుకుని ముడేసుకున్నాడు. రెండో కొస చెక్కల దారి దాకా తీసుకెళ్లి, పైకెక్కి, కాళ్లు గట్టిగా తన్నిపెట్టి లాగారు. నలుగురు. తర్వాత యూనుస్ కూడా లేచి తాడు పట్టుకున్నాడు. రుబియా పలక మీద బోర్లా పడుకుని, మొహం అతని మొహానికి బారెడు దూరంలో పెట్టుకుని చూస్తోంది.

జానెడు పైకొచ్చాడు. నడుం పట్టీ కనపడింది.

అంతే... వెనక్కి పోయాడు.

“జారడం కాదురా,” అంది నాయనమ్మ. రొయ్యలు వలవడం ఆపేసింది. “జారితే తెలీదా నాకు? అంతకుముందు సంవత్సరం ముగ్గురం కలిసి దున్నపోతుని లాగాం ఆ బురదలోంచి. ఇది జారడం కాదు. మేం లాగిన ప్రతిసారీ... అవతల నుంచి కూడా లాగుతున్నారు.”

మళ్లీ లాగారు. అరచేతులు కోసుకుపోయాయి. నీళ్లు అతని ఛాతీ దాటాయి. రుబియా పలక తేలిపోతుంటే ఒకామె వెళ్లి వెనక్కి తెచ్చింది. గడ్డం దాకా వచ్చేసరికి కురొయివా వీళ్ల వైపు చూడ్డం మానేశాడు. తల వంచి, తన ముందున్న నీళ్లలోకి చూస్తున్నాడు. ఏదో అంటున్నాడు. చాలా మెల్లిగా, మర్యాదగా... ఒకే మాట మళ్లీ మళ్లీ.

తర్వాత నీళ్లు నోటి మీదకి వచ్చాయి.

తాడు ఒక్కసారిగా తేలికైపోయి అందరూ వెనక్కి పడ్డారు. లాగి చూస్తే ముడి వేసినట్టే ఉంది. లోపల మనిషి లేడు.

“ఏమన్నాడు చివర్న?” అని అడిగింది రుబియా.

యూనుస్ లాంతరు తీసుకుంటూ అన్నాడట, “ఏం లేదక్కా. ప్రార్థన ఏదో.”

ఆ రాత్రి యూనుస్ బంగళాకి వెళ్లి, గవర్నరుగారు ఒక్కరే బురదలోకి దిగారు, నన్ను రావద్దన్నారు, దిగబడిపోయారు అని చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. ఇంకెవరున్నారక్కడ అంటూ రెండు వారాలు కొట్టారు. ముందు పళ్లు ఆరు ఊడగొట్టారు. అతను ఒక్క ఆడమనిషి పేరూ చెప్పలేదు. ఈలోపు ఎక్కడో బాంబులు పడ్డాయి, యుద్ధం అయిపోయింది, సైనికులు లారీలెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ అతన్ని నాలుక అనలేదు.

జపానువాళ్లు పోయిన మర్నాడే రంపం మిల్లు వెనక తవ్వారు. ఉన్నారు. బట్టల్ని బట్టి, బెల్టుల్ని బట్టి, పళ్లని బట్టి ఎవరు ఎవరో పోల్చుకున్నారు. మా తాత దొరికాడు. నాయనమ్మ తన పైగుడ్డ చింపి ఆయన మొహం మీద కప్పిందట. ఒక్కొక్కళ్లనీ కడిగి, చుట్టి, నమాజు చదివి పెట్టారు.

ఆరుగురే.

జమ్హారి లేడు. గుంట అడుగు దాకా తవ్వారు. పక్కన తవ్వారు. మిల్లు చుట్టూ తవ్వారు. లేడు. “చచ్చేముందు కూడా అబద్ధం చెప్పాడు ముండాకొడుకు” అంది రుబియా. కుంటుకుంటూ ఇంటికి పోయింది. పిక్కలో ఆ గాయం మానినా నడక మారిపోయింది. కురొయివా శవం కోసం ఇంగ్లీషువాళ్లు వచ్చాక రెండుసార్లు వెతికించారు. ఆటులోనూ, పోటులోనూ. దొరకలేదు. మా ఏటి ముఖంలో మునిగిన ఏ శవమైనా మూడో రోజుకి తేలి, మడ చెట్ల వేళ్లలో తగులుకుంటుంది. అతనిది తేలలేదు.

ఊళ్లో మాత్రం ఐదుగురు ఆడవాళ్లు గవర్నరుని ముంచి చంపారన్న కథ పుట్టింది. పెళ్లిళ్లలో మగాళ్లు వీళ్లని చూసి లేచి నిలబడేవాళ్లు. నాయనమ్మ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మేం లాగాం, నిజంగా లాగాం అంటే, అవునవును అని కన్నుగీటేవాళ్లు.

పదకొండేళ్లు గడిచాయి. యూనుస్‌కి క్షయ వచ్చి మంచాన పడ్డాడు. లిజాని ఒక్కసారి రమ్మనండి అని కబురు పెట్టాడు. నాయనమ్మ గంజి పట్టుకుని వెళ్లింది. అతను రెండు గుటకలు తాగి, గిన్నె పక్కన పెట్టేశాడు. మా ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు కదా, చెల్లెమ్మా అనే పిలిచాడట.

“ఆ రోజు రుబియక్క అడిగింది కదా చెల్లెమ్మా, చివర్న ఏమన్నాడని. తల్లి ముందు చెప్పలేకపోయాను.”

“ప్రార్థన అన్నావుగా.”

“ప్రార్థన కాదు.” దగ్గు వచ్చి ఆగాడు. “‘కాలు వదులు, అబ్బాయ్’ అన్నాడు.”

నాయనమ్మ మంచం దగ్గరికి జరిగింది.

“మొదట ‘కాలు’ అన్నాడు. తర్వాత ‘రెండు కాళ్లూ’ అన్నాడు. నీళ్లలోకి చూసి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు... గుంటలో ఆరుగురే దొరికిన రోజు నాకు అర్థమైంది. ఆ రాత్రి శవాలు తీసేటప్పుడు ఒకటి చీకట్లో జారి బురదలోకి పోయుంటుంది. సైనికులు పైకి చెప్పలేదు. అందర్నీ తీశామని కురొయివాకీ అదే చెప్పుంటారు.”

ఆ సంగతి రుబియాకి చెప్పాలా వద్దా అని నాయనమ్మ నాలుగు రోజులు తిండి సహించక తిరిగింది. యూనుస్‌ని మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం ఇక ఉండబట్టలేక వెళ్లింది. రుబియా పెరట్లో తడిక మీద ఎండు చేపలు తిరగేస్తోంది. అప్పటికి జుట్టంతా తెల్లబడింది. నాయనమ్మ నిలబడే చెప్పింది, ఒక్క మాట వదలకుండా.

రుబియా చేతులు ఆగాయి. ఏటి ముఖం వైపు తిరిగింది. ఏడుస్తుందనుకుంది నాయనమ్మ. పట్టుకోడానికి ఒక అడుగు ముందుకేసింది కూడా.

రుబియా ఇటు తిరిగింది. పదకొండేళ్ల తర్వాత ఆ మొహంలో నవ్వు.

“అయితే,” అంది, “నావాడింకా వదల్లేదన్నమాట.”